రక్తంలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ మారితే రక్తనాళాలు ఎలా స్పందిస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆక్సిజన్ తగ్గితే రక్తనాళాలు వెడల్పవుతాయా, ఇరుకవుతాయా? రెండు జవాబులూ సరైనవే. ఏ నాళం గురించి అడుగుతున్నారన్నదే అసలు సంగతి. ఊపిరితిత్తుల నాళాలది ఒక దారి, మిగతా శరీరంలోని నాళాలది మరో దారి. నర్సింగ్, వైద్య విద్యార్థులు తడబడేది ఇక్కడే. రోగికి ఆక్సిజన్ ఇంకాస్త ఎక్కువ పెట్టమని బంధువులు బతిమాలుతున్నా వైద్యులు ఎందుకు పెట్టరో తెలియాలన్నా ఈ తేడా అర్థం కావాలి.

రక్తనాళ నిరోధం అంటే ఏమిటి? దాన్ని ఏది నిర్ణయిస్తుంది?

రక్తం ముందుకు సాగకుండా నాళం చూపే అడ్డంకే నిరోధం. నాళం పొడవు, రక్తం చిక్కదనం కూడా లెక్కలోకి వస్తాయి గానీ వెడల్పు ముందు అవి చిన్నవి. సన్నని గాజు గొట్టాల్లో ద్రవాల ప్రవాహాన్ని కొలిచి ఫ్రెంచి వైద్యుడు పాయిజూలీ 1840లలో తేల్చిన నియమం ప్రకారం నిరోధం వ్యాసార్ధపు నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది. వ్యాసార్ధం సగమైతే నిరోధం 16 రెట్లు పెరుగుతుంది. పదో వంతు తగ్గినా చాలు, నిరోధం ఒకటిన్నర రెట్లవుతుంది. కంటికి ఆనని మార్పు కూడా రక్తప్రవాహాన్ని తలకిందులు చేయగలదు.

ఈ పని జరిగేది పెద్ద ధమనుల్లో కాదు. కేశనాళికలకు ముందుండే సూక్ష్మ ధమనుల్లో జరుగుతుంది. వాటి గోడల్లో నునుపు కండరం ఉంటుంది. అది బిగిస్తే నాళం ఇరుకవుతుంది, సడలితే వెడల్పవుతుంది. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ప్రభావం చూపేది ఈ కండరం మీదే.

శరీర భాగాల్లో ఆక్సిజన్ తగ్గితే?

అక్కడి సూక్ష్మ ధమనులు వెడల్పవుతాయి, నిరోధం తగ్గుతుంది, రక్తం ఎక్కువగా వస్తుంది. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. కొరత ఉన్నచోటికి సరఫరా పెరగాలి కదా.

ఈ పని ఒకే రసాయనం చేయదు. ఆక్సిజన్ చాలని కణాలు అడినోసిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. పని చేసే కండరం నుంచి పొటాషియం, ఆమ్లం, కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తాయి. నాళపు లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేస్తుంది. ఆక్సిజన్ వదిలేసిన ఎర్ర రక్తకణాలు సైతం ఏటీపీ అనే రసాయనాన్ని విడుదల చేసి నాళాన్ని సడలించే సంకేతం ఇస్తాయి. వీటిలో ఒకదాన్ని మందుతో అడ్డుకున్నా మిగిలినవి పని చక్కబెడతాయి. అందుకే ఏది ముఖ్యమన్న వాదన ఇన్ని దశాబ్దాలైనా తెగలేదు.

విశ్రాంతిలో ఉన్న 100 గ్రాముల కండరానికి నిమిషానికి 3 నుంచి 4 మిల్లీలీటర్ల రక్తం చాలు. గట్టిగా పరుగెత్తేటప్పుడు అది 20 రెట్లకు మించి పెరుగుతుంది. గుండె కండరం పరిస్థితి ఇంకా చిక్కు. శరీరం మొత్తం మీద రక్తంలోని ఆక్సిజన్‌లో సుమారు నాలుగో వంతు మాత్రమే ఖర్చవుతుంది. గుండె మాత్రం తనకు అందిన రక్తం నుంచి విశ్రాంతిలోనే 70 శాతానికి పైగా తీసేసుకుంటుంది. ఇంకా కావాలంటే ఆ రక్తంలో మిగిలింది కొద్దే. కాబట్టి గుండెకు ఆక్సిజన్ అవసరం పెరిగినప్పుడు దానికి రక్తం తెచ్చే కరోనరీ నాళాల నిరోధం తగ్గి తీరాలి. కొవ్వు పేరుకుని ఇరుకైన నాళం వెనుక ఉన్న సూక్ష్మ ధమనులు విశ్రాంతిలోనే వెడల్పయిపోయి ఉంటాయి. మెట్లెక్కితే మరింత వెడల్పయ్యే వీలు ఉండదు. ఛాతీ నొప్పి అప్పుడే మొదలవుతుంది.

మరి ఊపిరితిత్తుల్లో దీనికి వ్యతిరేకంగా ఎందుకు జరుగుతుంది?

ఊపిరితిత్తుల నాళాలు ఆక్సిజన్‌ను తెచ్చి ఇచ్చేవి కావు, నింపుకునేవి. ఏదో ఒక భాగంలో కఫం అడ్డుపడి గాలి చేరకపోతే అక్కడికి వెళ్లిన రక్తం ఖాళీ చేతులతో తిరిగొచ్చి మంచి రక్తంలో కలిసిపోతుంది. అందుకే ఆ భాగపు నాళాలు ముడుచుకుంటాయి. బీడు పడిన మడికి నీరు వృథాగా పోకుండా తూము దించి, పంట ఉన్న మళ్లకు మళ్లించినట్టే ఇది.

దీన్ని స్పష్టంగా చూపినది స్వీడన్ శాస్త్రవేత్తలు ఉల్ఫ్ వాన్ ఆయిలర్, యోరాన్ లిల్యెస్ట్రాండ్. 1946లో వారు పిల్లులకు ఆక్సిజన్ తక్కువున్న గాలి ఇచ్చి చూస్తే, గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే పుపుస ధమనిలో పీడనం పెరిగింది. వాన్ ఆయిలర్‌కు 1970లో నోబెల్ వచ్చింది గానీ అది నాడుల రసాయన సంకేతాలపై చేసిన పనికి.

పుపుస ధమనిలో ఎప్పుడూ ప్రవహించేది శరీరమంతా తిరిగి వచ్చిన, ఆక్సిజన్ తగ్గిన రక్తమే. అందులో ఆక్సిజన్ పీడనం 40 మి.మీ. పాదరసం దగ్గర ఉంటుంది. అయినా మామూలుగా ఆ నాళాలు ముడుచుకోవు. ఎందుకంటే అవి ప్రధానంగా స్పందించేది పక్కనున్న గాలి గదిలోని ఆక్సిజన్‌కు. అక్కడి పీడనం దాదాపు 100 నుంచి 60కి దిగువకు పడితే ముడుచుకోవడం బలంగా కనిపిస్తుంది. సెకన్లలో మొదలై నిమిషాల్లో బలపడుతుంది. ఈ స్పందనకు నాడులు అవసరం లేదు. ఊపిరితిత్తి నాళం నుంచి వేరుచేసిన కండర కణం కూడా గాజు పాత్రలో ఆక్సిజన్ తగ్గిస్తే ముడుచుకుంటుంది. ఆ కణంలో పొటాషియం ద్వారాలు మూసుకుంటాయి, దానితో కాల్షియం లోపలికి వస్తుంది, కండరం బిగుస్తుంది. ఆక్సిజన్ తగ్గిందని పసిగట్టేవి కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా అని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. సంకేతం ఏ రూపంలో వెళుతుందన్న దానిపై మాత్రం వాళ్లలో వాళ్లకే పొసగదు.

కార్బన్ డయాక్సైడ్ సంగతేమిటి?

శరీరంలో చాలాచోట్ల అది పెరిగితే నాళాలు వెడల్పవుతాయి, తగ్గితే ఇరుకవుతాయి. మెదడులో ఈ ప్రభావం అన్నిటికంటే బలంగా ఉంటుంది. మామూలుగా 100 గ్రాముల మెదడుకు నిమిషానికి 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. ధమని రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పీడనం 40 మి.మీ. దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి ఒక్క మి.మీ. మారితే మెదడు రక్తప్రవాహం 3 నుంచి 4 శాతం మారుతుంది. పీడనం 30కి దిగితే మూడో వంతు రక్తం తగ్గిపోవచ్చన్నమాట. మనిషి మెదడు రక్తప్రవాహాన్ని కొలిచే పద్ధతిని 1940లలో రూపొందించిన అమెరికా శాస్త్రవేత్తలు కెటీ, ష్మిట్ ఈ సంబంధాన్ని ఆనాడే మనుషుల్లో చూపించారు.

ఆక్సిజన్ విషయంలో మెదడు నాళాలు ఇంత సున్నితంగా ఉండవు. ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం 100 నుంచి 60కి పడేదాకా పెద్దగా కదలవు. 50కి దిగువకు వెళితే మాత్రం ఒక్కసారిగా తెరుచుకుంటాయి.

కార్బన్ డయాక్సైడ్ రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే రక్షణ పొరను సులువుగా దాటి, నాళం గోడ దగ్గరి ద్రవాన్ని ఆమ్లంగా మారుస్తుంది. నాళాన్ని సడలించేది ప్రధానంగా ఆ ఆమ్లత్వమే. రక్తంలోని ఆమ్లం నేరుగా ఆ పొరను దాటలేదు కాబట్టి దాని ప్రభావం అంతగా ఉండదు. ఊపిరితిత్తుల్లో మళ్లీ కథ వేరు. అక్కడ కార్బన్ డయాక్సైడ్, దానితో వచ్చే ఆమ్లత్వం నిరోధాన్ని పెంచుతాయి. ఆక్సిజన్ కూడా తక్కువగా ఉంటే రెండూ కలిసి ఇంకా పెంచుతాయి.

కపాలభాతి వేగంగా చేస్తే, లేదా గాబరాలో ఆయాసపడితే కళ్లు తిరుగుతాయి. ఆక్సిజన్ ఎక్కువైనందుకేనా?

కాదు. ఆరోగ్యంగా ఉన్నవారిలో ఆక్సిజన్ శాతం (రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఆక్సిజన్ నిండిన వంతు) ముందే 97, 98 ఉంటుంది. ఎంత గట్టిగా ఊపిరి పీల్చినా అది పెరగడానికి చోటు లేదు. అదే సమయంలో కార్బన్ డయాక్సైడ్ మాత్రం నిమిషాల్లో పడిపోతుంది, మెదడు నాళాలు ముడుచుకుంటాయి, తల తేలిపోతుంది. ఒళ్లంతా ఆక్సిజన్ నిండిపోతోందని శిక్షకులు చెప్పే మాట వినసొంపుగా ఉంటుంది గానీ మెదడుకు ఆ కాసేపు అందే రక్తం తక్కువే.

వేళ్లలో, పెదవుల చుట్టూ వచ్చే తిమ్మిర్లకు కారణం వేరే. రక్తంలో ఆమ్లత్వం తగ్గితే కాల్షియం ప్రొటీన్లకు ఎక్కువగా అతుక్కుంటుంది, స్వేచ్ఛగా తిరిగే కాల్షియం తగ్గుతుంది, నాడులు చిటపటలాడతాయి. ఊపిరి నెమ్మదిస్తే అన్నీ సర్దుకుంటాయి. కాగితపు సంచిలో ఊపిరి తీయించే పాత చిట్కా మంచిది కాదు. ఆ ఆయాసం గాబరా వల్ల కాక గుండెపోటు వల్లో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం వల్లో వచ్చి ఉంటే ఆ సంచి ప్రాణం తీయగలదు.

తలకు దెబ్బ తగిలిన రోగికి వెంటిలేటర్ వేగం పెంచేది ఇందుకేనా?

అవును. పుర్రె సాగదు. మెదడు వాచినప్పుడు లోపలి పీడనం పెరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ తగ్గిస్తే నాళాలు ఇరుకై పుర్రెలో రక్తం పరిమాణం, దానితో పీడనం తగ్గుతాయి. కానీ ఆ మేరకు మెదడుకు రక్తం కూడా తగ్గుతుంది. కొన్ని గంటలు గడిస్తే మెదడు ద్రవం సర్దుకుని ఆ ప్రభావం కరిగిపోతుంది. శస్త్రచికిత్స దాకా గడువు తెచ్చుకోవడానికి వాడతారు తప్ప రోజుల తరబడి కాదు.

ఆక్సిజన్ తగ్గితే నాళాలు వెడల్పవుతాయంటున్నారు. మరి గురకతో ఊపిరి ఆగేవారికి రక్తపోటు ఎందుకు పెరుగుతుంది?

మెడలో కెరోటిడ్ ధమని చీలే చోట బియ్యపు గింజంత కణజాలం ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గడాన్ని, కార్బన్ డయాక్సైడ్ పెరగడాన్ని పసిగట్టి మెదడుకు చెప్పేది అదే. ఈ వ్యవస్థపై చేసిన పనికి బెల్జియం శాస్త్రవేత్త కార్నే హేమన్స్‌కు 1938 నోబెల్ బహుమతి దక్కింది. ఆ సంకేతం అందగానే మెదడు సింపథెటిక్ నాడుల ద్వారా శరీరమంతటా నాళాలను బిగించమంటుంది. అంటే స్థానికంగా సడలించే శక్తి ఒకటి, నాడుల ద్వారా బిగించే శక్తి ఇంకొకటి. మెదడు, గుండె నాళాల్లో మొదటిది గెలుస్తుంది. చర్మం, పేగులు, మూత్రపిండాల్లో తరచూ రెండోది గెలుస్తుంది. కొరత ఉన్నప్పుడు ప్రాణాధారమైన అవయవాలకు రక్తం మిగిలేది ఇలాగే.

గురక రోగికి రాత్రంతా పదేపదే ఊపిరి ఆగుతుంది. ప్రతిసారీ ఈ బిగింపు జరుగుతుంది. కొన్నాళ్లకు నాడుల ఉద్రేకం పగలు కూడా తగ్గదు. మందులు ఎన్ని మార్చినా రక్తపోటు అదుపులోకి రానివారిని గురక గురించి అడిగేది అందుకే. తెల్లవారుజామున తలనొప్పితో లేవడం కూడా రాత్రి కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మెదడు నాళాలు వెడల్పయ్యాయనడానికి ఒక సూచన కావచ్చు.

కేదార్‌నాథ్, లేహ్, మానససరోవరం వెళ్లేవారికి ఇది ఎందుకు ముఖ్యం?

కేదార్‌నాథ్, లేహ్ రెండూ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంటాయి. మానససరోవరం 4,500 మీటర్లు దాటుతుంది. 3,500 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. ఒక మూల కఫం అడ్డుపడినప్పుడు నాళాలు ముడుచుకోవడం మేలు చేస్తుంది. కొండ మీద ఊపిరితిత్తుల్లో ప్రతి గాలి గదిలోనూ ఆక్సిజన్ తక్కువే. మళ్లించడానికి మంచి చోటు లేదు. నాళాలన్నీ ముడుచుకుంటాయి, పుపుస ధమనిలో పీడనం పెరుగుతుంది.

అందరిలో ఈ ముడుచుకోవడం సమానంగా ఉండదు. కొందరిలో అది మరీ బలంగా, పైగా ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా జరుగుతుంది. తక్కువ ముడుచుకున్న భాగాల మీద రక్తమంతా విరుచుకుపడి, అధిక పీడనానికి కేశనాళికల నుంచి ద్రవం గాలి గదుల్లోకి కారుతుంది. దీన్ని ఎత్తు ప్రదేశపు పుపుస వాపు అంటారు. అమెరికా వైద్యుడు చార్లెస్ హ్యూస్టన్ 1960లో దీన్ని వివరించాడు. 1962 యుద్ధ కాలంలో మైదానాల నుంచి హిమాలయాలకు హుటాహుటిన తరలిన మన సైనికుల్లో ఇది పెద్ద సంఖ్యలో కనబడింది. ఇందర్ సింగ్ తదితర భారత సైనిక వైద్యులు ఆ దశకంలో ప్రచురించిన వివరాలను ప్రపంచమంతా చదివింది.

సాధారణంగా ఎత్తు చేరిన రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య లక్షణాలు మొదలవుతాయి. నడిస్తే అంతకుముందు లేని ఆయాసం, పొడి దగ్గు, తర్వాత కూర్చున్నా ఆయాసం, నురగ కఫం. దీన్ని జలుబు అనుకుని దర్శనం అయ్యాక చూద్దాంలే అనుకోవడం ప్రమాదం. కిందికి దిగడం, ఆక్సిజన్ ఇవ్వడం, ఈ రెండే అసలు చికిత్స. నిఫెడిపిన్ వంటి మందు పుపుస నాళాలను సడలిస్తుంది గానీ అది వైద్యులు ఇవ్వాల్సినది, దిగడానికి ప్రత్యామ్నాయం కాదు. మైదానాల నుంచి విమానంలో నేరుగా లేహ్‌లో దిగేవారు మొదటి రెండు రోజులు తిరగకుండా విశ్రాంతి తీసుకోవాలనేది ఇందుకే.

మెదడు నాళాల మీద మాత్రం కొండ రెండు వైపులా లాగుతుంది. ఆక్సిజన్ కొరత వాటిని తెరుస్తుంది. వేగంగా ఊపిరి తీయడం వల్ల తగ్గిన కార్బన్ డయాక్సైడ్ మూస్తుంది. తరతరాలుగా అక్కడే ఉన్న టిబెటన్లలో పుపుస నాళాలు ఆక్సిజన్ కొరతకు అంతగా ముడుచుకోవు. జడలబర్రె పుపుస ధమనుల గోడలు కూడా పలుచగా ఉంటాయి. మైదానపు పశువులను కొండెక్కిస్తే కొన్నిటికి కుడి గుండె విఫలమై మెడ కింద నీరు చేరుతుంది. అమెరికాలో కొలరాడో పశువుల కాపరులకు ఈ జబ్బు నూరేళ్ల కిందటే తెలుసు.

సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) ఉన్న మా నాన్నగారికి ఆక్సిజన్ ఎక్కువ పెడితే మంచిది కాదంటారేమి?

చాలాకాలం దీనికి ఒకే కారణం చెప్పేవారు: ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే ఊపిరి తీయాలన్న ప్రేరణ తగ్గిపోతుందని. అది కొంత నిజమే. అంతకంటే పెద్ద కారణం ఊపిరితిత్తుల నాళాల్లో ఉంది. పాడైన భాగాలకు రక్తం వెళ్లకుండా ముడుచుకున్న నాళాలు ఎక్కువ ఆక్సిజన్ తగలగానే సడలిపోతాయి. గాలి సరిగా ఆడని ఆ భాగాలకు రక్తం వెళ్లి, కార్బన్ డయాక్సైడ్ వదలకుండానే తిరిగొస్తుంది. దీనికి తోడు, ఆక్సిజన్ నిండిన హిమోగ్లోబిన్ కార్బన్ డయాక్సైడ్‌ను తక్కువగా పట్టుకుంటుంది. అలా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని రోగి మత్తుగా అయిపోతాడు.

అందుకే ఇలాంటివారికి లక్ష్యం సాధారణంగా 88 నుంచి 92 శాతం. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో అంబులెన్సుల్లో చేసి 2010లో ప్రచురించిన పరీక్షలో ఇలా కొలిచి ఇచ్చినవారిలో మరణాలు సగానికి పైగా తగ్గాయి. కాబట్టి తెర మీద 90 చూసి వార్డులో గొడవ పడకండి. అలాగని భయపడి ఆక్సిజన్ మానేయడం అంతకంటే పెద్ద పొరపాటు.

గుండెపోటు వస్తే ముందుగా ఆక్సిజన్ పెట్టాలి కదా?

దశాబ్దాలపాటు అందరికీ పెట్టారు. కానీ అవసరానికి మించిన ఆక్సిజన్ గుండె నాళాలను ఇరుకు చేస్తుంది. స్వీడన్‌లో ఆక్సిజన్ శాతం 90 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న 6,629 మందిపై చేసి 2017లో ప్రచురించిన పరీక్షలో, పెట్టినవారికీ పెట్టనివారికీ ఏడాది మరణాల్లో తేడా కనబడలేదు. ఇప్పుడు 90 కంటే తగ్గితేనే పెట్టమంటున్నారు.

పుట్టగానే బిడ్డలో ఏమి మారుతుంది?

గర్భంలో ఊపిరితిత్తుల నిండా ద్రవమే, ఆక్సిజన్ తక్కువ. నాళాలు ముడుచుకుని ఉండటంతో గుండె కుడి వైపు నుంచి వచ్చే రక్తంలో కొద్ది భాగమే అటు వెళుతుంది. మిగతాది డక్టస్ ఆర్టీరియోసస్ అనే అడ్డదారిలో బృహద్ధమనికి చేరుతుంది. తొలి ఏడుపుతో గాలి నిండగానే పుపుస నిరోధం పడిపోతుంది. అదే ఆక్సిజన్ ఆ అడ్డదారి నాళాన్ని ముడిచి, నెలలు నిండిన బిడ్డల్లో రెండు మూడు రోజుల్లో మూసేస్తుంది. ఒకే వాయువు ఒక నాళాన్ని తెరిచి పక్కదాన్ని మూయడం వింతే.

నెలలు నిండని శిశువుకు అదే ఆక్సిజన్ ఎక్కువైతే రెటీనాలో ఎదగాల్సిన నాళాలు ముడుచుకుని ఆగిపోతాయి. తర్వాత అవి అడ్డదిడ్డంగా పెరిగి చూపు పోవచ్చు. 1940లలో పాశ్చాత్య దేశాల్లో వేలమంది శిశువులు ఇలా అంధులయ్యారు. విచ్చలవిడిగా ఇచ్చిన ఆక్సిజనే కారణమని 1951లో అనుమానించినది మెల్‌బోర్న్ వైద్యురాలు కేట్ క్యాంప్‌బెల్.

వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఇవన్నీ చెబుతుందా?

కార్బన్ డయాక్సైడ్ గురించి అది ఏమీ చెప్పదు. 95 చూపిస్తున్న రోగి కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగతలోకి జారిపోతూ ఉండవచ్చు. దానికి ధమని రక్తపరీక్షే కావాలి. చలికి వేలి నాళాలు ముడుచుకుంటే అంకె తప్పుతుంది, చేతులు రుద్ది వెచ్చబరిచి మళ్లీ చూడాలి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి వల్ల కార్బన్ మోనాక్సైడ్ ఎక్కినవారిలో ఆ అంకె మామూలుగానే కనబడి మోసం చేస్తుంది.

ఐసీయూలో బీపీ తగ్గించే మందు ఎక్కించాక ఆక్సిజన్ పడిపోయిందన్నారు. సంబంధం ఉందా?

ఉండవచ్చు. నైట్రోప్రుసైడ్, నైట్రోగ్లిజరిన్ వంటి మందులు నాళాలన్నిటినీ సడలిస్తాయి. న్యుమోనియా సోకిన భాగంలో మేలు కోసం ముడుచుకున్న నాళాలు కూడా తెరుచుకుంటాయి, ఆక్సిజన్ లేని రక్తం కలుస్తుంది.

దీనికి తెలివైన విరుగుడు నైట్రిక్ ఆక్సైడ్‌ను పీల్చే వాయువుగా ఇవ్వడం. గాలి ఆడే గదులకే అది చేరుతుంది కాబట్టి అక్కడి నాళాలనే తెరుస్తుంది. రక్తంలోకి రాగానే హిమోగ్లోబిన్ దాన్ని పట్టేసుకోవడంతో శరీరపు బీపీ పడదు. నైట్రిక్ ఆక్సైడ్ నాళాలకు సంకేతం ఇస్తుందని కనుగొన్న ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ వచ్చింది. పుట్టాక పుపుస నిరోధం తగ్గని శిశువుల కోసం మరుసటి ఏడాదే అమెరికాలో దీనికి అనుమతి లభించింది. ఒక్కసారిగా ఆపితే నాళాలు మునుపటికంటే బిగుసుకోవచ్చు గనుక దీన్ని మెల్లగా తగ్గిస్తూ ఆపుతారు.